నయమును దుర్నయమును



కొట్టులో బల్లమీద ఒక దుప్పటి పరచినప్పుడు నూలు వర్తకుడు దాని నూలు నంబరు చూచును. అద్దకమువాడు రంగు నిలుచునా యని చూచును. నేతగాడు పడుగు పేకల నేత వ్రేళ్లతో తడవి చూచును. కొనవచ్చిన యిల్లాలు ధర యడుగును. నలుగురు చూచినదియు ఒక్క దుప్పటినే. ఎవరును అబద్ధమాడలేదు. అయితే నూలు నంబరే దుప్పటి, తక్కినదంతయు వట్టిమాట యని వర్తకుడు పట్టుబట్టిన యెడల అతడు చెప్పిన నిజము కూడ చెడును. ఒక దృష్టితో చెప్పిన మాటను శాస్త్రము నయ మనుచున్నది. ఇతర దృష్టులను త్రోసివేయు నయమును దుర్నయ మనుచున్నది. సిద్ధసేన దివాకరాచార్యులు మొదలగువారు విస్తరించి చెప్పినది యిదియే. ఏనుగును తడవిన గ్రుడ్డివారి కథ ఏటేట అందరును వినుచునే యున్నారు గాని, ఆ గ్రుడ్డివారు వినువారికి ఎప్పుడును ప్రక్కింటివారుగానే తోచుదురు!

రాజకీయముల విషయమున ఈ దుర్నయము మిక్కిలి ప్రబలినది. నీది ఏ పక్షమని యడుగుదురు. పాత ఆచారము కొంత, కొత్త న్యాయము కొంత కోరువానిని నిలకడలేనివాడందురు.

సోలాపురములో సాఖర్ పేట, భవానీ పేట మొదలగు తావులలో తెలంగాణమునుండి తరములనాడు వలసవచ్చిన పద్మశాలీల కుటుంబములు అనేకము కలవు. మగ్గముల చప్పుడు నడుమనే తెలుగు మాట నిలిచియున్నది. ఆ యింటివాడు మార్కండేయస్వామికి మ్రొక్కును, పిల్లల పెండ్లిండ్లు కులములోనే చేయవలెననును. ఆతడే మజూరీ కొరకు ఎఱ్ఱజెండా పట్టుకొని వీధిలో నిలుచును. చూచువారికి ఇది విడ్డూరము.

ఆ పేటలో ఏ దుకాణమందైనను ఈ మాటలు జరుగగలవు. నూలిచ్చి గుడ్డ నేయించుకొను ఒక జైన వర్తకుడు ముసలి నేతగానితో, "ఏమయ్యా, గుడికీ పోతావు, జెండా కిందికీ పోతావు. ఏదో ఒకటి తేల్చుకోరాదా?" అని నవ్వెననుకొనుడు. ముసలివాడు నూలు కట్ట దించి, "సేఠ్, మీరు మాత్రం? పన్నుల కాడ సర్కారు మా జోలికి రావద్దంటరు. నూలు ధర పెరిగితే సర్కారు ఎగుమతి ఆపాలంటరు. మీకు సర్కారు కావాల్నా, వద్దా?" అనును. వర్తకునికి జవాబు తోచదు.

ఇదే సంగతి పెద్దయెత్తున ఆ ఊర జరిగినది. మూడు పర్యాయములు శాసనసభ్యుడైన తెలుగువాడు నర్సయ్య ఆడం మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీ నాయకుడు. ఆయన పూనికతో బీడీలు చుట్టు స్త్రీలకు కుంభారి గ్రామమున 10,000 ఇండ్లు లేచినవి. 2006లో వానిని ప్రారంభించినది కాంగ్రెసు ప్రధాని మన్మోహన్ సింగు. పిమ్మట అచ్చటనే రేనగర్ పేరిట అసంఘటిత కార్మికులకు 30,000 ఇండ్ల పథకము వచ్చినది. 2019 జనవరి 9న భారతీయ జనతా పార్టీ ప్రధాని నరేంద్ర మోదీ దానికి శంకుస్థాపన చేయగా, ఆడం అదే వేదికపై ఆయనను మెచ్చుకొనెను. ఆ మార్చిలో ఆయన పార్టీ ఆయనను కేంద్ర కమిటీనుండి మూడు నెలలు సస్పెండు చేసినది. ఆయన పార్టీని విడువలేదు, ఆ సంవత్సరమే దాని అభ్యర్థిగా శాసనసభకు పోటీచేసెను. 2024 జనవరి 19న 15,000 ఇండ్లు నేత, బీడీ పనివారు మొదలగువారికి అందినవి.

ఎవరిది సరి? ఎన్నికలు దగ్గరపడినవేళ నాయకుడు పొగడిన మాట ఎదుటిపక్షమునకు లాభించునని పార్టీ తలచుట ఒక నయము. ఇల్లు ఇచ్చిన చేతిని గుర్తించుట మఱియొక నయము. కప్పు కారని గదిలో మొదటి వానకాలము గడపిన స్త్రీ దృష్టి యింకొకటి. ఇందులో ఏ ఒక్కటి తక్కినవానిని అబద్ధమనినను దుర్నయమగును. అయినను ఆడం తన మాటకు మూల్యము చెల్లించెనని గమనింపవలెను.

ఏలయన వర్తకులలో అనేకాంతము చవుకగా చెల్లుచున్నది. ఈ కొట్టులో ఒక పార్టీకి చందా, ఆ కొట్టులో వేఱొక పార్టీకి చందా. "స్యాత్" అనగా "ఏమో, కావచ్చు" అని నసుగుట కాదు. ఫలానా దృష్టితో ఇది నిశ్చయముగా ఇట్లే యని చెప్పుట. ఉమాస్వామి తత్త్వార్థసూత్రములో అర్పితము, అనర్పితము అను మాటలు కలవు. వస్తువునందలి ఒక ధర్మమును ముందుకు తెచ్చి చెప్పునప్పుడు ఇతర ధర్మములు వెనుక నుండును, లేకపోవు. బేరములో మేలైన అంచు పైకి మడిచి, చినిగిన అంచు లోపలికి మడచువానికి ఈ సూత్రము వేఱే విధముగా అర్థమైనదని చెప్పవలెను!

కావున పాత కొత్త అభిప్రాయములు కలిసియున్నవా లేవా అనునది ప్రశ్న కాదు. వానిని కలిపినది వివేకమా, లోభమా అని యడుగవలెను. ఆ నేతగాని ఎఱ్ఱజెండాలో అతని కడుపు కలదు, ఒప్పుకొనవలసినదే. వర్తకుని పన్నుల మాటలో అతని పెట్టె కలదు. పరిగ్రహ పరిమాణ వ్రతము పట్టినవాడు తనకు లాభించు అభిప్రాయమును రెండుమారులు పరీక్షించును, తనకు నష్టము తెచ్చు అభిప్రాయమును ఒక్కమారైనను నిలిచి వినును.

ఆ సాయంకాలము వర్తకుడు దేవాలయమునుండి వచ్చుసరికి ముసలివాడు గుమ్మమున కూర్చుండియుండెను. "సేఠ్, పార్టీ ముచ్చట పోనీయుండ్రి. పోయిన పండుగకే మజూరీ పెంచుతానంటిరి, ఆ లెక్క సూడుండ్రి" అనెను. వర్తకుడు చెప్పులు విడిచి, దీపము క్రిందికి జరిగి, ఖాతా తెరిచెను.