అమ్మినవానికి సంబంధము ఎంతవరకు?

వర్తకుడు సరకు తూచి ఇచ్చి, పైకము పుచ్చుకొని, చిట్టాలో జమకట్టుకొనిన పిమ్మట ఆ సరకుతో అతనికి సంబంధము తీరినట్లేనా? విరుదునగరు బజారులో మిరపకాయల బస్తా అమ్మినవానికి ఈ ప్రశ్న తోచదు. మచ్చు చూపినాడు, మచ్చు ప్రకారమే సరకు ఇచ్చినాడు, బేరము ముగిసినది. కోవిల్పట్టి ప్రత్తి వర్తకునికిని అంతే. కాని అమ్మిన సరకునకు ప్రాణముండి, అది దెబ్బకు బాధపడునదైనప్పుడు లెక్క అంత సులభముగా తెగదు. అందుచేతనే పూర్వాచార్యులు శ్రావకుడు విడువవలసిన పదునైదు కర్మాదానములలో కేశవాణిజ్యమును, అనగా ప్రాణులను కొని అమ్ము వ్యాపారమును, చేర్చినారు. పశువులకు వాతలు వేయుట, విత్తులు కొట్టుట మున్నగువానిని నిర్లాంఛనకర్మమని వేరుగా పేర్కొన్నారు.

ఈ ప్రశ్నను గీటురాతిపై పెట్టి చూచుటకు లోకములో ఒక వ్యాపారము కలదు. అది మేలుజాతి గుర్రముల వేలమును అంటిపెట్టుకొని నడచు పందెము. గుర్రప్పందెమనగానే నరికుడివంటి ఊళ్ళవారు చెన్నై గిండీ మైదానమును తలచుకొని, అది సప్తవ్యసనములలో మొదటిదైన జూదము, దానితో మనకేమి పని యని కాగితము త్రిప్పివేయవచ్చును. ఇచ్చట చెప్పబోవునది కిటికీయొద్ద టిక్కెట్టు కొనువాని సంగతి కాదు. ఎన్నడును టిక్కెట్టు కొనకుండ, రశీదులతో, ఒప్పందములతో మర్యాదగా నడచు వర్తకుల సంగతి.

వేలపు కంపెనీ ఏడాది వయసు గుర్రపుపిల్లలను వేలము వేయును. ఆ వేలమునకు వచ్చిన పిల్లలకు మాత్రమే ప్రవేశముగల పందెమొకటి, వాటికి రెండేండ్లో మూడేండ్లో వచ్చిన పిమ్మట, పెద్ద బహుమతితో జరుగును. ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్టున మ్యాజిక్ మిలియన్స్ అను కంపెనీవారి పందెము 1987లో పది లక్షల డాలర్ల బహుమతితో మొదలై నేటికిని జనవరి నెలలో జరుగుచున్నది. ఐర్లండులో గాఫ్స్ వేలశాలవారు 2006లో పది లక్షల యూరోల పందెము పెట్టి, ఆర్థికమాంద్యము రాగా 2009తో చాలించినారు. ఇందలి కిటుకు వర్తకులకు చెప్పనక్కరలేదు. బహుమతిపై ఆశ కొనువారిని రప్పించును. కొనువారు పెరిగిన వెల పెరుగును. వెల పెరిగిన కమీషను పెరుగును.

బహుమతి సొమ్ము ఎచ్చటినుండి వచ్చును? కొంత వేలపు కంపెనీ వేయును. తక్కినది నమోదు రుసుముల రూపమున పెంపకందారులనుండియు, అమ్మినవారినుండియు, కొన్నవారినుండియు వచ్చును. పద్ధతి చోటుచోటునకు మారును గాని, పెక్కింట రుసుము ఒకేసారి తీసికొనరు; విడతలుగా, పందెము దగ్గరపడిన కొలది హెచ్చుగా తీసికొందురు. గడువునాటికి కట్టనివాని పిల్ల జాబితానుండి తొలగును. అంతకుముందు కట్టినది తిరిగి రాదు. ఈ ఏర్పాటు పాతదే. అమెరికాలో న్యూయార్కు సమీపమున షీప్స్‌హెడ్ బే మైదానమున 1888లో మొదలైన ఫ్యూచురిటీ పందెమునకు పిల్లలు తల్లికడుపులో ఉండగనే రుసుము కట్టించుకొన్నారు. ఇంకను భూమిమీద పడని ప్రాణికి పరుగుపందెములో పేరు! 1984లో ప్రారంభమైన బ్రీడర్స్ కప్ పందెములకును సొమ్ము ఇట్లే సమకూడినది. మగగుర్రము యజమాని దాని ఒక దాటుకు వచ్చు ఫీజునకు సమానమైన మొత్తము చెల్లించును, పుట్టిన పిల్లకు వేరుగా నమోదు రుసుము కట్టుదురు.

లెక్క వేసి చూచిన విషయము తేటపడును. ఒక వేలములో 300 పిల్లలు వచ్చినవనుకొందము. మొదటి విడత తలకు 1,000 రూపాయలు, మూడు లక్షలు. రెండవ విడతకు 120 మిగిలినవి, తలకు 2,000. రెండు లక్షల నలుబది వేలు. మూడవ విడతకు 40, తలకు 5,000, రెండు లక్షలు. కంపెనీ రెండు లక్షల అరువది వేలు కలిపి, పది లక్షల బహుమతియని చాటినది. పందెమునాడు బారుతీరినవి 14. రుసుముల మొత్తము 7,40,000 రూపాయలలో ఆ 14 గుర్రముల తరపున కట్టినది 1,12,000 మాత్రమే. తక్కిన 6,28,000 పరుగెత్తని 286 పిల్లల పేరిట కట్టినది.

కొందరు దీనిని మన చీటీపాటతో పోల్చుదురు. చీటీలో ప్రతివాడును తన వంతు కట్టును, ఏదో ఒక నెలలో ప్రతివానికిని మొత్తము చేతికి వచ్చును. ముందు పాడుకొన్నవాడు తోపుడు నష్టపడును, అంతే. భీమాలో కట్టినది తిరిగి రాకపోయినను కష్టము వచ్చిన ఇంటికి పోవును. ఇచ్చట తప్పిపోయినవారి సొమ్ము గెలిచినవాని ఇంటికి పోవుచున్నది. ఒకని నష్టమే మరియొకని లాభము, నడుమ సరకు చేతులు మారుట లేదు. దీనికి జూదము గాక మరియొక పేరు వెదకుట కష్టము. 1996 జనవరిలో సుప్రీంకోర్టు తమిళనాడు గుర్రప్పందెముల వ్యాజ్యములో, గుర్రప్పందెము కేవలము అదృష్టముపై నడచునది కాదు, నేర్పుతో కూడినదని తీర్పు చెప్పినది. ఈ సీమలో పల్లెలు ఎరిగిన ఎడ్లబండి పందెములు 2014లో అదే కోర్టు తీర్పుతో నిలిచి, 2017 నాటి రాష్ట్ర చట్టసవరణతో తిరిగి వచ్చినవి. 2023లో ఆ సవరణ చెల్లునని తేలినది. చట్టము శిక్షించునదేదో కోర్టు చెప్పును. అణువ్రతమునకు అతిచారమేదో కోర్టు చెప్పదు, దానిని ఎవరును అడుగనులేదు.

ఈ పందెములలో మంచి లేదనుట న్యాయము కాదు. అమ్మినవాడు తన సరకుపై తానే సొమ్ము ఒడ్డుచున్నాడు. నాసిసరకు అంటగట్టి ముఖము చాటువేయువానికంటె మేలు. ఇంగ్లండులో న్యూబరీ మైదానమున 1991లో ఆరంభించిన సూపర్ స్ప్రింట్ పందెములో, వేలమున తక్కువ వెలకు పోయిన పిల్లకు తక్కువ బరువు మోపుదురు. పెద్ద మూటలవారితో చిన్న మదుపుదారు సమానముగా నిలుచుటకు ఈ ఏర్పాటు. ఆలోచించినవాడు వర్తకధర్మము తెలిసినవాడే.

కాని బరువు మోయునది మదుపుదారు కాదు. ఆస్ట్రేలియాలో ఏ నెలలో పుట్టినను గుర్రములన్నిటికిని ఆగస్టు 1న వయసు ఒక ఏడు పెరిగినట్లు లెక్క. కావున జనవరి పందెములో పరుగెత్తు పిల్లలకు పెక్కింటికి రెండేండ్లు నిండి కొద్ది నెలలే అయియుండును. ఎముకలు ముదరని వయసు. కొన్నవాని మదుపు త్వరగా కనబడవలెను, వచ్చే ఏటి వేలమునకు జనము రావలెను. ఆ తొందర మోకాళ్ళకు తెలియదు. బంధము, వధ, ఛేదము, అతిభారారోపణము, అన్నపాననిరోధము అని అహింసాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో నాలుగవది దీనిని తాకక మానదు.

“నేను అమ్మితిని, అంతే, తోలినవాడు వేరు, కొరడా పట్టినవాడు వేరు” అని అమ్మినవాడు అనవచ్చును. కృత, కారిత, అనుమోదితములను మూడింటిని ఎరిగిన ఇంటిలో ఈ మాట నిలువదు. కోవిల్పట్టికి చేరువనున్న కళుగుమలై కొండకు పోయినవారు అచ్చటి తీర్థంకర ప్రతిమలక్రింద వట్టెళుత్తు లిపిలో చిన్న చిన్న శాసనములను చూచియుందురు. పాండ్యులనాటివి, ఈ ప్రతిమను ఫలానావారు చేయించినారని అవి చెప్పును. ఉలి పట్టిన శిల్పి పేరు కాదు, చేయించినవారి పేరు. పుణ్యము చేయించినవానికి చెందునని వేయేండ్లకు పైగా రాతిమీద ఒప్పుకొన్నాము. రుసుము కట్టి పందెము నడిపించినవాని పద్దు మాత్రము వేరుగా వ్రాయుట ఎట్లు?

గుర్రపు బేరమున ఈ ప్రాంతమునకు పాత అనుభవమున్నది. నేటి తూత్తుకుడి జిల్లాలోని కాయల్ రేవులో, పదుమూడవ శతాబ్దమున, అరబ్బు, పారశీక దేశముల గుర్రములు పాండ్యరాజులకొరకు దిగుచుండెను. దారిలో చచ్చిన గుర్రమునకును వెల చెల్లు ఒప్పందముండెనని పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ వ్రాసినాడు. ఆ వర్తకులు గుర్రపువైద్యము తెలిసినవారిని వెంట తేకపోవుటయే గాక, ఇతరులను రానీయలేదనియు, గుర్రములు చచ్చిననే మరుసటి ఏడు అమ్మకము సాగునని వారి ఎత్తుగడయనియు మార్కో పోలో వ్రాసినాడు. ఆ అమ్మకపువానికి సంబంధము ఓడ దిగుటతో తీరినది. నేటి వేలపు పందెములో అమ్మినవాని సంబంధము సుత్తి దెబ్బతో తీరదు, పందెమునాటి వరకు సాగును. కాయల్ వర్తకునికంటె ఒకటి రెండేండ్లు ఎక్కువ. గుర్రము ఆయువు ఇరువదియైదేండ్లకు తక్కువ కాదు.

ప్రతి అమ్మకముమీద కొద్దికొద్ది తీసి ఒకచోట కూడబెట్టు ఈ ఉపాయము మన వర్తకులకు కొత్త కాదు. 1834లో బొంబాయిలో జంషెట్జీ జీజీభాయ్ అను పారశీ వర్తకుడును జైన, హిందూ వర్తకులును కలసి పాంజరాపోలు నెలకొల్పినప్పుడు, తమ వ్యాపారపు సరకులపై లాగా యను చిన్న పన్ను తామే వేసికొని పోషించినారు. ఎవరిని చెప్పి వేయలేదు, ఏ సర్కారును అడుగలేదు. వేలపు పందెములో మందినుండి తీసినది అందరికంటె ముందు వచ్చినదానికి పోవును. లాగా సొమ్ము కుంటిదానికి, ముసలిదానికి పోయెను. వసూలు పద్ధతి ఒకటే. లాగా కట్టినంతమాత్రమున బండిపై అధికభారము మోపిన దోషము మాసిపోవునని తలచిన శేఠ్‌లును లేకపోలేదు, అది వేరు సంగతి.

పందెముల దేశములలోను ఈ ఆలోచన ఆలస్యముగా పుట్టినది. పందెములు మానిన గుర్రములకు వేరు పని నేర్పుటకు ఇంగ్లండులో 2000లో ఒక ధర్మసంస్థ ఏర్పడినది. అమెరికాలో 2012లో థరోబ్రెడ్ ఆఫ్టర్‌కేర్ అలయన్స్ అను సంస్థ పుట్టినది. పెంపకందారులు, వేలశాలలవారు మున్నగువారు దానికి సొమ్ము ఇచ్చుచున్నారు. ఎంత చాలునో పై లెక్కతోనే చూడవచ్చును. ఆ పది లక్షల బహుమతిలో నూటికి పది వంతున ముందే తీసి పెట్టినను ఒక లక్ష రూపాయలు. పరుగెత్తని 286 పిల్లలకు పంచిన తలకు 350 రూపాయలు కూడ రావు, ఒక్కసారికి. ఆ పిల్లలకు ఇంకను ఇరువది పైచిలుకు ఏండ్ల మేత కావలెను.