వేషమూ స్వరూపమూ

మన భాషలో ‘వేషం’ అనే మాటకు గౌరవం తక్కువ. కపటిని వేషధారి అంటాము. మారాం చేసే పిల్లవానిని ‘వేషాలు వేయకు’ అని గదమాయిస్తాము. హిందీలో ‘స్వాంగ్’ అనే మాటకూ ఇదే గతి పట్టినది. అయితే అదే హిందీ సీమలో రామలీలలో రాముడుగా, సీతగా నిలిచే బాలురను ‘స్వరూపాలు’ అంటారు. కిరీటం శిరస్సు మీద ఉన్నంతసేపు పెద్దలు సైతం వారికి మ్రొక్కుతారు. చేసే పని ఒక్కటే: తాను కాని రూపాన్ని దాల్చడం. ఒక పేరు దానిని మోసమంటున్నది; మరొక పేరు సత్యమంటున్నది. ఈ రెండింటిలో దేనిని నమ్మాలి?

ప్రశ్న పాతదే గాని, నేడు కొత్త బట్టలు కట్టుకొని వచ్చినది. కథలలోని, కంప్యూటరు ఆటలలోని పాత్రల రూపం దాల్చే వేడుకను ఇప్పుడు కాస్‌ప్లే అంటున్నారు. 1939లో న్యూయార్కులో జరిగిన వైజ్ఞానిక కల్పనా సాహిత్య మహాసభకు మర్టిల్ డగ్లస్ అనే స్త్రీ తాను తయారుచేసిన భవిష్యత్కాలపు దుస్తులతో వచ్చినది. ఈ వేడుకకు నేటి పేరు మాత్రం 1980లలో జపానులో పుట్టినది.

ఖరగపూర్ వంటి రైల్వే పట్టణాన్ని తలచుకోండి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలు అక్కడ తరతరాలుగా స్థిరపడినవి. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు, బజారులో బెంగాలీ, హిందీ. అటువంటి ఇంటిలోని ఒక యువతి ‘గెన్షిన్ ఇంపాక్ట్’ అనే చైనా ఆటలోని నహీదా పాత్రను ఎన్నుకున్నదనుకుందాం. నహీదా జ్ఞానానికి దేవత, స్వప్నాలతో సంబంధం కలది. తెల్లని జుట్టు, పచ్చని కన్నులు. యువతి వారాల తరబడి ఆకుపచ్చ గుడ్డలు కత్తిరించి, తేలికైన ఫోమ్ షీటును వేడిచేసి వంచి ఆభరణాలు అమర్చుతుంది, సవరం కట్టుకుంటుంది. స్టూడియోలో పలుచని తెర వెనుక దీపం నిలిపి, కొంచెం పొగ వదిలి, అంచులు కరిగిపోయినట్లు కనిపించే ఛాయాచిత్రం తీయించుకుంటుంది. ఇంటి పెద్దలకు మూడు సందేహాలు కలుగుతాయి. ఇది అబద్ధం కాదా? ఇది వృథా కాదా? ఇది తన్ను తాను తిరస్కరించుకోవడం కాదా?

మొదటి సందేహానికి మన ఆలంకారికులే సమాధానం చెప్పినారు. గోడ మీద వ్రాసిన గుర్రాన్ని చూచి ‘ఇది గుర్రం’ అంటాము. ఆ జ్ఞానం యథార్థం కాదు, భ్రాంతి కాదు, సందేహమూ కాదు, వట్టి పోలికా కాదు. నటుని చూచినప్పుడు కలిగేదీ అటువంటిదే అని శ్రీశంకుకుని వాదం. అభినవగుప్తుడు ఆ వాదాన్ని ఖండించినాడు గాని, ఆ బొమ్మగుర్రం మాత్రం మన శాస్త్రంలో నిలిచిపోయినది. సత్యభామగా రంగమెక్కిన స్థానం నరసింహారావుగారు పురుషుడని ప్రేక్షకులందరికీ తెలుసు. ఆ తెలివిడి వారి ఆనందాన్ని రవంతయినా తగ్గించలేదు. శరత్‌బాబు ‘శ్రీకాంత్’లో బహురూపి శ్రీనాథుడు పులివేషంలో వచ్చి ఇల్లంతా హడలగొట్టినాడు, గుట్టు బయటపడిన తరువాత అతని తోక తెగినది. అక్కడ తప్పు వేషానిది కాదు. చూచేవారికి అది వేషమని తెలియకపోవడానిది. చూచేవాని అంగీకారం ఉన్నచోట వేషం ఆట అవుతుంది, లేనిచోట వంచన అవుతుంది.

రెండవ సందేహం తేలికగా తీరుతుంది. కూచిపూడివారు తేలిక కర్రతో కిరీట భుజకీర్తులు చెక్కించుకున్నప్పుడు దానిని ఎవరూ వృథా అనలేదు. చేతికి పని, కంటికి ఓర్పు నేర్పే శ్రమ ఊరక పోదు. ఇంటి ఆదాయానికి మించి ఖర్చు పెట్టరాదన్న నియమం పెండ్లికి వర్తించినట్లే దీనికీ వర్తిస్తుంది.

మూడవ సందేహమే బరువైనది. నహీదా నివసించే సుమేరు అనే సీమ 2022లో ఆ ఆటలో చేరినది. దాని పేరులో, కట్టడాలలో భారత, పారశీక, అరబ్బు దేశాల ఛాయలున్నవి. అయినా అక్కడి పాత్రలలో పెక్కుమంది పాలిపోయిన తెలుపు. ఈ విషయమై ఆ ఆటను ప్రేమించేవారే విమర్శించినారు. చామనఛాయ గల యువతి ఈ పాత్ర ధరిస్తే, ఛాయాచిత్రంలో ఆమె చర్మాన్ని తెల్లబరచవలెనా? జుట్టు రంగు మార్చగా లేనిది, చర్మం రంగు మార్చితే దోషమేమి అని అడుగవచ్చు. ఆహార్యాన్ని వివరించేటప్పుడు నాట్యశాస్త్రం కూడా పాత్రలకు రంగులు విధించినది గదా!

నిజమే. బహురూపి శివుడై నీలిరంగు పూసుకుంటాడు, సాయంకాలం కడిగివేస్తాడు. నీలం ఒక సంకేతం. నీలిరంగు లేదని ఏ పిల్లకూ సంబంధం తప్పిపోలేదు. తెలుపు మన సమాజంలో సంకేతం మాత్రమే కాదు, ఒక వెల. వధువు కావలెనన్న ప్రకటనలు చదివిన వారెవరికైనా ఇది తెలుసు. కనుక నీలం కడిగితే పోతుంది. తెలుపు కడిగినా మనస్సులో మరక మిగులుతుంది. అందులోనూ ఛాయాచిత్రం రంగస్థలం వంటిది కాదు. నాటకం ముగియగానే నటుడు ముఖం కడుగుకొని తన వాడవుతాడు. చిత్రంలోని ముఖం కడుగుకోదు. ఏళ్ళ తరబడి గోడ మీద నిలిచి, తన్ను ధరించిన ముఖాన్ని ఆక్షేపిస్తూనే ఉంటుంది.

అందుచేత ఆ యువతికి పెద్దలు వేషం మాన్పించనక్కరలేదు. తెల్లని సవరం కట్టుకోనివ్వండి, పొగలో, మసకవెలుతురులో నిలువనివ్వండి. ఆ కల అంతా ఆమె సొంత మేనిఛాయ మీదనే వెలగాలని మాత్రం కోరండి. తెలుగులోనూ హిందీలోనూ ‘పాత్ర’ అనే మాటకు నటుడు ధరించేదనీ, నీరు పట్టేదనీ రెండర్థాలున్నవి. కొత్త నీరు పోసినంత మాత్రాన పాత్రకు లోపం రాదు. ఆ పాత్ర మట్టితో చేసినదని సిగ్గుపడితేనే లోపం.