వెలగని దీపము విలువ ఎంత?



ఈ నెల ఒక బల్లదీపమును గూర్చి ధ్యానించుకొందము. స్పెయిన్ రాజధానియైన మాడ్రిడ్‌లో పెద్రో మార్టిన్, లూయిస్ పెరెజ్ ఒలీవా అను ఇద్దరు 1964లో ఫాసే అను దీపముల కంపెనీని స్థాపించిరి. బూమరాంగ్, ప్రెసిడెంట్ అను వారి బల్లదీపములు మిక్కిలి పేరుపొందినవి. బరువైన పీట, వంచిన లోహపు చేయి, కావలసినవైపు త్రిప్పుకొను షేడు, దాని అడుగున వెలుగును మెత్తపరచు గాజుబిళ్ల. చదువుకొను వాని కన్నులలో వెలుగు కొట్టదు, ఎదుటనున్న పుటమీదనే పడును. తన్ను చూడుమని పిలుచుటకు కాదు, పుటను చూపుటకే ఆ దీపమును చేసిరి.

ఆ కంపెనీ మూతబడి చాలా ఏండ్లయినది. ఇప్పుడు పాత వస్తువులు సేకరించువారు ఆ దీపములను వెదకి కొనుచున్నారు. అడుగున తయారీదారుని ముద్ర ఉన్నదా, మొదటి రంగు చెడలేదా, గాజు పగులలేదా అని పరీక్షింతురు. కొందరి యింట అది బీరువాలో ఎత్తైన చోట నిలుచును. రోజూ తుడుతురు గాని, స్విచ్ నొక్కువారుండరు.

మత్తయి సువార్త 5వ అధ్యాయములో ప్రభువు కుంచమును గూర్చి హెచ్చరించెను. ఈ దీపమును ఎవరును కుంచముతో మూయలేదు. గౌరవముగా పైనే పెట్టిరి. అయినను ఇంటిలో చీకటియే! వెలిగించనియెడల ఎత్తైన చోటు సహితము కుంచముతో సమానమే గదా.

కోలారు గనులకు, బొంబాయి మిల్లులకు, రైల్వే పనులకు వలసవచ్చిన మన తాతలు తెలుగు బైబిలును, పాటల పుస్తకమును మూటలో కట్టుకొని వచ్చిరి. వాటిని మనము గౌరవముగానే ఉంచితిమి. అయితే మన మనుమలు ఆ అక్షరములు చదువగలరా? అట్ట మీది తాతగారి పేరు చూపి సంతోషించినంత మాత్రమున లోపలి వెలుగు బిడ్డలకు అందదు.

నిరాశపడనక్కరలేదు. పాత దీపమును వాడుకొనగోరువాడు దాని రూపము చెడగొట్టడు. పాడైన తీగను తీసి క్రొత్త తీగ వేయించి, క్రొత్త బల్బు పెట్టి వెలిగించుకొనును. మనమును ఆలాగే చేయుదము. వారమునకు ఒక సాయంకాలము బిడ్డచేత నాలుగు వచనములు తెలుగులో చదివింతము. తడబడినను గద్దింపక, వాటి భావమును కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో, మరాఠీలోనో, వానికి వచ్చిన భాషలోనే చెప్పుదము.

లూకా సువార్త 15వ అధ్యాయములోని స్త్రీ దీపమును అలంకారమునకు పెట్టలేదు. నాణెము పోయినది వీధిలో కాదు, ఆమె యింటిలోనే. అందుకే వెలిగించి వెదకెను. మన నాణెములును మన యిండ్లలోనే ఉన్నవి. అవి దొరకువరకు దీపము ఆరకుండ ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.