అందరిదైనది ఎవరిది?

ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చినదను సామెతను మన పల్లెలలో వినని వారుండరు. చెరువుగట్టు తెగినను, ఊరి బావి గిలక విరిగినను పంచాయతీ చూచుకొనునని ఒకరు, పెద్దలు చూచుకొందురని మరియొకరు ఊరకుందురు. నా వాకిలి నేను ఊడ్చుకొంటిని గదా, అందరిదైన దానికి నేనేల పూచీపడవలెను? ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదని మా తలంపు. అమెరికా దేశపు రాజధానియైన వాషింగ్టను నగరములో ఒక పేటవారికి ఇదే ప్రశ్న ఎదురయ్యెను.

వారి పార్కు పేరు మెరిడియన్ హిల్. అధ్యక్షుని భవనమునకు సూటిగా ఉత్తరమున, సుమారు ఒకటిన్నర మైలు దూరమున, గుట్టమీద 12 ఎకరముల స్థలములో నున్నది. 1912లో మొదలుపెట్టి 1936 వరకు దానిని కట్టిరి. నీరు 13 తొట్లగుండ ఒకదానినుండి మరియొకదానిలోనికి దిగి దిగువ కొలనులో పడును. పార్కనగా ఏమో యని పల్లెవారు అనుకొనవచ్చును. మన రావిచెట్టు నీడను, చెరువుగట్టును, పిల్లలాడుకొను బయలును ఒక్కచోట కూర్చినట్లు ఊహించుకొనుడి. ఇరుకు గదులలో అద్దెకుండువారికి అది పెరడు వంటిది.

1968లో మార్టిన్ లూథర్ కింగు గారు హతులైన పిమ్మట దాపుననున్న 14వ వీధి అల్లర్లలో తగులబడెను. దుకాణములు మూతపడెను. స్తోమతుగలవారనేకులు వేరు చోట్లకు తరలిపోయిరి. 1980 దశకమునాటికి మత్తుమందులమ్మువారు, దోచుకొనువారు పార్కులో చేరిరి. చీకటిపడిన తరువాత ఆ వైపు నడచుటకు జనులు వెరచిరి. మంచివారు రానందున చెడ్డవారికి చోటు దొరకెనా, చెడ్డవారు చేరినందున మంచివారు మానిరా? రెండును ఒకదానినొకటి పెంచెనని మేము తలంచుచున్నాము. ఒక్క మాట మాత్రము చెప్పవలెను. 1960 దశకమునుండి ఆదివారము మధ్యాహ్నములందు అక్కడ కూడి డప్పులు వాయించు నల్లవారు కొందరు కలరు. తక్కినవారు విడిచిన చోటును వారు విడువలేదు.

1990లో ఆ పేటలో ఒక బాలుడు తుపాకిగుండుకు బలియయ్యెను. అప్పుడు ఇరుగుపొరుగువారు కూడుకొని ‘ఫ్రెండ్స్ ఆఫ్ మెరిడియన్ హిల్’ అను సంఘముగా ఏర్పడిరి. వారు మొదట చేసినది మిక్కిలి చిన్న పని. రాత్రివేళ గుంపుగా పార్కులో నడచిరి, అంతే. తరువాత చెట్లు నాటిరి, పాటకచ్చేరీలు పెట్టిరి, బడిపిల్లలను తీసికొనివచ్చి ఆ స్థలపు చరిత్ర చెప్పిరి. కొద్ది సంవత్సరములలోనే నేరములు బహుగా తగ్గెను.

వారిలో ముఖ్యురాలు జోసెఫీన్ బట్లరు గారు. 1920లో మేరీలాండు రాష్ట్రమందు పాలుకు సేద్యము చేయువారి ఇంట ఆమె పుట్టిరి. నగరమునకు వచ్చి, బట్టలుతుకు లాండ్రీలలో పనిచేయు నల్లజాతి స్త్రీలను కార్మిక సంఘముగా కూర్చిరి. పార్కు పనికి పూనుకొనునాటికి ఆమెకు 70 ఏండ్లు. 1994లో అధ్యక్షుడు క్లింటను ఆ పార్కును చూడవచ్చినప్పుడు, త్రిప్పి చూపించినది ఆమెయే. సొంత పొలము లేని ఇంట పుట్టినవారే అందరి నేలను గూర్చి ఇంత పాటుపడుట మాకు ఆశ్చర్యముగా నున్నది.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని కాదా యని అడుగుదురు. అవును, 1933 నుండి ఆ పార్కు కేంద్ర ప్రభుత్వపు శాఖ క్రిందనే యున్నది. పన్ను కట్టువారికి అడుగు హక్కు కలదు. అయితే జీతపు కాపలాదారుడు గేటు కాయగలడు గాని, సాయంకాలము పిల్లలనెత్తుకొని వచ్చి బల్లమీద కూర్చుండి కబుర్లాడు పని అతనికి అప్పగించలేము. నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయమును వట్టి పేర్ల పట్టిక యని మనలో అనేకులు దాటిపోవుదురు. ఆ పేర్లలో పలువురు తమ తమ ఇంటికెదురుగానున్న గోడనే బాగుచేసినవారు.

ఇంతటితో ముగించిన బాగుండును గాని, మాకు నెమ్మదినియ్యని సంగతి యొకటి కలదు. అంతర్యుద్ధము తరువాత, విడుదలపొందిన బానిసలను బోధకులుగా సిద్ధపరచిన వేలాండు సెమినరీ యను బాప్తిస్టు విద్యాలయము ఆ గుట్టమీదనే యుండెను. బుకర్ టి. వాషింగ్టను గారు కొంతకాలమందు చదివిరి. గుట్టమీద నల్లజాతి కుటుంబములు కాపురముండెను. 1910 ప్రాంతమున ప్రభుత్వము స్థలము కొన్నప్పుడు వారు లేచిపోవలసివచ్చెను. ‘అందరి’ పార్కు అట్లు పుట్టినది. మరల అది బాగుపడి, పేట బాగుపడిన కొలది ఇండ్ల అద్దెలు పెరిగి, భయపు దినములలో అక్కడ నిలిచిన బీదలు అనేకులు వెళ్లిపోయిరి. రాత్రులు నడచినవారిమీద మేము ఈ తప్పు మోపము. అయినను మన ఊరి చెరువునో, శ్మశానపు దారినో బాగుచేయ బూనునప్పుడు, బాగైన తరువాత దానిని వాడుకొనువారెవరు, తొలగిపోవువారెవరు అని ముందే అడుగుట మంచిది. అడిగినవానిని పనికి అడ్డుపడువాడని అనరాదు.

ఆ పార్కులో గుర్రమెక్కిన జోన్ ఆఫ్ ఆర్కు విగ్రహము కలదు. 1922లో ఫ్రెంచి స్త్రీలు కానుకగా నిచ్చినది. ఆమె చేతి కత్తిని ఎవరో ఎత్తుకొనిపోగా చాలకాలము వట్టి పిడికిలియే యుండెను. 2011లో క్రొత్త కత్తి పెట్టిరి. 2016లో అదియు పోయెను. 2018లో మరల పెట్టిరి.