విశ్రాంతిలో ఎవరెవరికి పాలు?

(ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 5:12-15, మార్కు 6:30-44)



చలికాలము వచ్చినదనగా కొవ్వూరు చుట్టుపట్ల గ్రామములలో పాపికొండల ప్రయాణపు మాట వినబడుచుండును. వరద తీసి గోదావరి తేటపడిన పిమ్మట గండిపోశమ్మ రేవునుండి విహారపు పడవలు బయలుదేరును. మనిషికి ఇంత అని ముందుగా సొమ్ము కట్టినచో ఉదయపు ఫలహారము, మధ్యాహ్న భోజనము, సాయంకాలపు టీ, ఆటలు, పాటలు అన్నియు అందులోనే. దీనినే అందరును ప్యాకేజీ అనుచున్నారు. ఆదివారమునాడు ఇట్టి ప్రయాణము చేయుట పాపమా అని కొందరు మమ్ము అడుగుచున్నారు. ఆరాధన తప్పిపోవునే అని పెద్దల బాధ. పిల్లలకు సెలవు ఆనాడే గదా అని తలిదండ్రుల మాట. రెండును న్యాయమైన మాటలే. కాని విశ్రాంతిదినపు ఆజ్ఞను దగ్గర పెట్టుకొని చదివినచో అది మనలను వేరొక ప్రశ్న అడుగుచున్నట్లు కనబడును.

ఆ ఆజ్ఞ బైబిలులో రెండు చోట్ల ఉన్నది. నిర్గమకాండము 20వ అధ్యాయములో దానికి చూపబడిన హేతువు సృష్టి. దేవుడు ఏడవ దినమున విశ్రమించెను గనుక మనమును విశ్రమింపవలెను. ద్వితీయోపదేశకాండములో మోషే ఆ ఆజ్ఞనే మరల చెప్పుచు వేరొక హేతువును చూపెను. ఐగుప్తులో తాము దాసులుగా నుండిన సంగతి ఇశ్రాయేలీయులు జ్ఞాపకముంచుకొనవలెనట. దాసదాసీలకును యజమానునితో సమానముగా విశ్రాంతి కలుగవలెనని కూడ అక్కడ ప్రత్యేకముగా చేర్చెను. ఎద్దు, గాడిద, ఊరిలోనున్న పరదేశి, అందరును ఆ లెక్కలోనివారే. అన్నియు కలిపిన ఏర్పాటు ఈనాటిదని మనమనుకొనుచున్నాము గాని, అందరిని కలిపిన ఏర్పాటు సీనాయి కొండ దగ్గరనే జరిగినది.

మన గోదావరిమీదనే గాక, అట్లాంటికు సముద్రపు అవతల కరిబియను దీవులలో, జమైకా, బార్బడోసు మొదలగు చోట్ల, ఇట్టి ప్యాకేజీ గొప్ప వ్యాపారము. కుటుంబమంతటికి ఒకేసారి సొమ్ము చెల్లించినచో అనేక హోటళ్లలో చేతికి ఒక పట్టీ కట్టుదురు. ఆ పట్టీ ఉన్నవారు ఎన్నిసార్లయినను తినవచ్చును, త్రాగవచ్చును, సముద్రములో ఆడుకొనవచ్చును. ఆ దీవులు ఒకప్పుడు చెరకు తోటలు. ఆఫ్రికానుండి తేబడిన దాసులు అక్కడ పాటుపడి ప్రాణములు విడిచిరి. 1834లో ఇంగ్లీషువారు దాసత్వమును రద్దుచేసిన పిమ్మట తోటల యజమానులకు పనివారు కావలసివచ్చిరి. 1838 మొదలుకొని 1917 వరకు మన దేశమునుండి ఒప్పందపు కూలీలను ఓడలలో ఆ సీమలకు తీసికొనిపోయిరి. ట్రినిడాడునకు మొదటి ఓడ 1845లోను, ఫ్రెంచివారి మార్టినికునకు 1853లోను చేరెను. చెన్నపట్టణము, పుదుచ్చేరి, కారైకాలు రేవులనుండి పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. వారు చెరకు నరికిన తీరమున నేడు ఒకడు ఇసుకలో పండుకొని సేదదీరుట తప్పని మేము చెప్పము. దాస్యము సాగినచోట విశ్రాంతి దొరకుట మంచిదే. అయితే అక్కడ పళ్లెములు ఎత్తువారు ఎవరి మనుమలు?

అంత దూరమెందుకు? మన సంఘములలో అనేకుల తాతలు పాలేర్లు. ఏడాది జీతమునకు కుదిరినవానికి, కోడి కూసినది మొదలు పశువులపాకలో నడుము వాల్చువరకు, తన కాలము తనది కాదు. వెట్టిచాకిరి రద్దు చట్టము 1976లో గాని రాలేదు. ఆదివారము ఒక పూట గుడికి పోనిమ్మని అడుగుటకే అప్పటివారికి ధైర్యము కావలెను. నీవును మనిషివే అని దేవుడు వారితో చెప్పిన దినము అది. అట్టివారి మనుమలమైన మనము పడవలో కుర్చీ వేసికొని, పళ్లెము తెచ్చు పిల్లవానిని "ఒరేయ్, చారు ఏదిరా?" అని కేకవేయుచున్నాము. డబ్బు కట్టితిమి గదా అందుము. కట్టినది అన్నమునకు, డీజిలునకు. ఒరేయ్ అనుటకు ఎంత కట్టితిమి?

ముందుగా సొమ్ము కట్టినచోట ఆకలి లెక్కయు తప్పును. ఇంటివద్ద ఒక గరిటెతో లేచువాడు అక్కడ మూడు వడ్డించుకొని సగము విడిచిపెట్టును. అరణ్యములో మన్నాయు ఉచితమే, అయినను ఎవడు తినునంత వాడు కూర్చుకొనవలెనని కట్టడ. మరునాటికి దాచినది పురుగుపట్టెను. ఇక పేరంటపల్లి దగ్గర దిగినపుడు కొండరెడ్లు వెదురుతో చేసిన వస్తువులు అమ్మజూపుదురు. ప్యాకేజీ సొమ్ము మారుమాట లేక చెల్లించినవారు అక్కడ పది రూపాయలకు బేరమాడుదురు. ఆజ్ఞలో పరదేశి అను మాట ఉన్నది గదా, ఆ కొండలలో పరదేశులము మనమే. పోలవరము ప్రాజెక్టువలన ఆ ఒడ్డులనున్న అనేక ఊళ్లవారు ఇండ్లు విడిచిపోవలసివచ్చెను. పాటల హోరులో ఆ సంగతి ఎవరికి తోచును?

2019 సెప్టెంబరు 15న, అదియు ఆదివారమే, నది పోటుమీదనున్నపుడు కచ్చులూరు దగ్గర ఒక విహారపు పడవ మునిగి అనేకులు మరణించిరి. వారిలో విహారమునకు వచ్చినవారును కలరు, పడవ నడపినవారును కలరు. గోదావరి వారిని వేరుచేయలేదు. భోజనపు పంక్తిలో మనము వేరుచేయుచున్నాము.

విహారమే కూడదనువారితో మేము ఏకీభవింపము. ఇంటి తల్లిని తలంచుకొనుడి. పండుగకు అందరికి సెలవు, ఆమెకు రెట్టింపు పని. ఏటి ఒడ్డుకు పోయినను తెల్లవారక మునుపే లేచి పులిహోర కలుపునది ఆమెయే. పడవలో ఒకరు వడ్డింపగా కూర్చుండి వేడి అన్నము తిను తల్లి ముఖము చూచినవారెవరును ఆ ప్యాకేజీని తప్పుపట్టరు. అయితే ఆ అన్నము వండినవాడు ఏ జామున లేచెను? మనము పోకున్నచో వానికి పస్తే అని కొందరందురు. నిజమే. ఆరు దినములు పనిచేయుట కూడ ఆజ్ఞలోనిదే. వాని ఏడవ దినము ఎక్కడ అనునదే మా సందేహము.

భోజనము చేయుటకైనను తీరికలేని శిష్యులను చూచి ప్రభువు వారిని విశ్రాంతికై పడవ ఎక్కించెను. ఏకాంత స్థలము చేరునప్పటికి జనులు కాలినడకను ముందే వచ్చియుండిరి. విశ్రాంతి చెడినది. పంపివేయుమని శిష్యులనగా, పచ్చికమీద పంక్తులు తీర్చుడని ప్రభువు సెలవిచ్చెను. పురుషులే అయిదువేలమంది. ఆనాడు వడ్డించినవారు అలసియున్న ఆ శిష్యులే. వడ్డించినవారు పండ్రెండుగురు, మిగిలిన గంపలు పండ్రెండు.

కాబట్టి అడిగినవారికి మా జవాబు ఇది. పడవ ఉదయమే కదలును, ఆరాధన ముగించుకొని పోవుట కుదరదు. గనుక యౌవనులు శనివారమో, సంక్రాంతి సెలవులలో మరియొక దినమో చూచుకొనుట మేలు. సొమ్ము మాట్లాడునపుడు పనివారు ఎప్పుడు భోజనము చేతురో, వారములో వారికి ఏ దినము సెలవో అడుగుడి. పంక్తి కూర్చుండునపుడు వారిలో ఇద్దరు ముగ్గురికి మన ప్రక్కన చోటు ఉంచి, ఆ పూట మన పిల్లలు వడ్డింపవచ్చును. పడవవారు మొదట వద్దందురు. రెండవసారి అడుగుడి.