అక్షరం వచ్చు, అర్థం రాదు

"సాయిబులై ఉండీ మీకింత మంచి తెలుగు ఎట్లా వచ్చింది?" రాయచోటిలో నన్ను ఈ మాట అడగనోళ్ళు తక్కువ. మా నానీ తెలుగులోనే తిట్టేది, తెలుగులోనే ఏడ్చేది. అయినా నా తెలుగు ఎవరో అరువిచ్చిందన్నట్టు మెచ్చుకుంటారు. 2008లో రియాద్‌లో దిగితే ప్రశ్న తిరగబడింది: "ముసల్మానువి, అరబ్బీ రాదా?"

వచ్చు. ఆరేళ్ళప్పుడే మసీదులో హజ్రత్ బెత్తం ముందు కూచుని నేర్చుకున్నాను. ఖురాన్ తప్పు లేకుండా చదువుతాను. అర్థం తెలీదు. కంపెనీవాళ్ళు అరబ్బీ కాగితం ముందు పెట్టారు. జేర్, జబర్ గుర్తుల్లేని అక్షరాలు. కూడబలుక్కుని చదివి, మన దీన్ భాషే కదా అన్న ధీమాతో సంతకం పెట్టాను. ఏజెంటు చూపిన ఇంగ్లీషు కాగితంలోని జీతం అందులో లేదని నెల తిరిగాక తెలిసింది. అక్కడి 2005 నాటి కార్మిక చట్టం ప్రకారం రెండు భాషల్లో రాసుకున్నా అరబ్బీ పాఠమే చెల్లుతుంది. నేను దేవుడి భాష అనుకున్నది యజమాని భాష కూడా.

పోయినచోటి భాష నేర్చుకోవడం మర్యాద అంటారు పెద్దలు. సరే, ఏ భాష? గల్ఫులో కూలోడికి దొరికేది విరిగిన అరబ్బీ. రూహ్, జీబ్, షీల్. అంటే పో, తే, ఎత్తు. మూడు నెలల్లో వచ్చేస్తుంది. దాంతో పని చెయ్యొచ్చు, ఏదీ అడగలేం. ఇకామా తీరితే ఇంటికి పంపేసే దేశం, పౌరసత్వం ఆశ చూపని దేశం. దాని భాష కోసం నేనెందుకు కష్టపడాలి? ఇట్లా వాదించుకుంటూ చాన్నాళ్ళు గదిలో ఉర్దూతోనే బతికాను.

ఆ వాదనలో నిజం సగమే. గోదాములో నాతో పనిచేసే యెమన్ మనిషి ఒకరోజు అడిగాడు: "ఎప్పుడు చూసినా 'తయ్యిబ్' అంటావు. 'లేష్' అనవేం?" తయ్యిబ్ అంటే సరే. లేష్ అంటే ఎందుకు. ఆ నెల జీతం రోజున ముదీర్ ముందు నిలబడి "లేష్?" అన్నాను. కాళ్ళు వణికాయి. జీతం పెరగలేదు. కానీ ఓవర్‌టైం లెక్క మొదటిసారి నాకు చదివి వినిపించాడు. ఆ రాత్రే మిగతా మాటలు నేర్పమని యెమన్ మనిషి పక్కన కూచున్నాను. మర్యాద కోసం కాదు, నా లెక్క నేను చూసుకోవడం కోసం.

తిరిగొచ్చి హైదరాబాద్ దగ్గర ఇటుక బట్టీలో లెక్కలు రాసే పనిలో చేరాను. ఒడిశాలోని బలంగీర్ నుంచి కూలీలు పిల్లాజెల్లాతో వస్తారు. తీసుకున్న అడ్వాన్సులో ఎంత తీరిందో అడగడానికి వాళ్ళకు మాట లేదు. వాళ్ళకు మేం నేర్పిన తెలుగు ఏమిటి? పో, తే, ఎత్తు. అది నా నోటి నుంచే వస్తుంటే ఒకనాడు నా చెవిన పడింది. లెక్కల పుస్తకం అరబ్బీలో లేదు. తెలుగులో ఉంది, నా చేతిరాతలో.

మర్నాడు ఒక పెద్దాయన్ని కూచోబెట్టి, మీ భాషలో 'ఎందుకు' అనడానికి ఏమంటారని అడిగాను. ఆయన భయపడ్డాడు, ఏం తప్పు జరిగిందోనని.

నా తెలుగును మెచ్చుకునే అన్నల్లారా, మీ వాకిట్లోకి పనికొచ్చినోడికి మీరు ముందు ఏ మాట నేర్పుతున్నారు?