ధ్రువపత్రం ధమ్మం కాదు

కంపెనీ కార్మికుల్ని న్యాయంగా చూస్తోందని చెప్పే ధ్రువపత్రం ఒకటుంది: ఎస్‌ఏ 8000. 2012 ఆగస్టులో కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీకి అది దక్కింది. సెప్టెంబరు 11న మంటలు లేచాయి. నిప్పు పెట్టింది ఎవరైనా, లోపలివాళ్లు బయటపడలేకపోయింది మూసిన దారుల వల్ల, కిటికీల చువ్వల వల్ల. 250 మందికి పైగా చనిపోయారు.

తనిఖీ చేసేవాళ్లకు డబ్బిచ్చేది ఆ కంపెనీయే. మరి ఎవరి కళ్లతో చూస్తారు?

సిగాలోవాద సుత్తంలో బుద్ధుడు యజమానికి ఐదు బాధ్యతలు చెప్పాడు: శక్తికి తగ్గ పని, తిండీ కూలీ, జబ్బు చేస్తే సేవ, మంచి వంటకంలో వాటా, వేళకు సెలవు. ఇవి అందాయో లేదో పనిచేసే మనిషికే తెలుసు.

మిత్రులారా, గోడ మీది పత్రాన్ని కాదు, ఆ మనిషిని అడగండి. భయం లేకుండా జవాబు చెప్పగలుగుతున్నాడా అన్నదే అసలు తనిఖీ.